నాలుగు రీడ్లు, ఒక అబద్ధం



మన మందిరంలో పాత హార్మోనియం మళ్ళీ పలకడం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. ఆరాధన వీడియో చూసి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, గల్ఫ్ దేశాల నుంచి మన పిల్లలు ఫోన్లు చేశారు. "అయ్యగారూ, అది మన చిన్నప్పటి పెట్టేనా? ఎక్కడ బాగుచేయించారు? ఆ పాత రీడ్లు ఎలా దొరికాయి?" అని అడిగారు. అందరికీ "అంతా దేవుని కృప" అని చెప్పి ఊరుకున్నాను. ఆ మాట నిజమే. కాని ఆ మాట వెనక నేను ఒకటి దాచాను. దాని విషయంలో ఎవరి దగ్గర ఒప్పుకోవాలో వారి దగ్గర ఒప్పుకున్నాను. సంఘానికి కూడా చెప్తేనే ఆ ఒప్పుకోవడం పూర్తవుతుందని నా మనస్సాక్షి చెప్తోంది. సంబంధించినవాళ్ళను అడిగే రాస్తున్నాను. అయినా పేర్లు, ఊరి పేరు రాయడంలేదు.

తిత్లీ తుఫాను మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. తాతల నాటి జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. మన మందిరం రేకులు నాలుగు ఎగిరిపోయాయి. హార్మోనియం బల్ల కింద ఉంది గనుక విరగలేదు గాని, రెండు రోజులు తడిలో నానిపోయింది. ఇంటికి పైకప్పు లేక, తాగడానికి నీళ్ళు లేక జనం అల్లాడుతున్న రోజుల్లో హార్మోనియం గురించి ఎవరు ఆలోచిస్తారు? తుడిచి, ఎండలో పెట్టి, పాత దుప్పటి చుట్టి అటక మీద పెట్టేశాం. తర్వాత యౌవనస్థులు చందాలు వేసుకుని కీబోర్డు కొన్నారు. అది బాగానే ఉంది, ఇప్పటికీ వాడుతున్నాం. హార్మోనియం సంగతి అందరం మరిచిపోయాం.

మరిచిపోనివారు ఒక్కరే, మన పెద్దయ్యగారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పెట్టె వాయించినవారు. ఈ ప్రాంతంలో ఎందరినో పట్టుకున్న మూత్రపిండాల జబ్బే ఆయననూ పట్టుకుంది. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తున్నారు. ఒక సాయంత్రం ప్రార్థన చేయడానికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన అడిగారు, "అయ్యగారూ, ఆ పెట్టె ఇంకా ఉందా? ఒక్కసారి దాని మీద చెయ్యి వేసి కీర్తన వాయించాలని ఉంది" అని. మనిషి ఎప్పుడూ ఏదీ అడగరు. ఆ రాత్రే అటకెక్కాను.

దుప్పటి విప్పి చూస్తే తిత్తి అట్టలు ఊడి ఉన్నాయి. స్ప్రింగులు తుప్పు పట్టాయి. ఒక పక్క చెద తినేసింది. లోపల అతికించిన కాగితం మీద కలకత్తా అన్న మాట ఒక్కటే చదవడానికి వచ్చింది. బరంపురంలో హార్మోనియాలు బాగుచేసే ముసలాయన ఒకరున్నారని తెలిసి, పలాసలో రైలెక్కి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన ఇల్లు కూడా తెలుగు ఇల్లే. పై పలక తీసి, ఒక్కొక్క మెట్టు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. సుమారు గంటసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్క చెప్పారు. 42 మెట్లు, మెట్టుకు రెండు రీడ్ల చొప్పున 84 రీడ్లు. అందులో ఎనభై బాగున్నాయి, శుభ్రం చేసి శ్రుతి చేస్తే చాలు. మధ్య స్థాయిలో నాలుగు పగిలిపోయాయి. తిత్తి, స్ప్రింగులు, తోలు, అన్నీ కొత్తవి వేయవచ్చు. ఆ నాలుగు రీడ్లే కష్టం.

"నాలుగు కొత్తవి వేసేయండి" అన్నాను. ఆయన నవ్వి, ఒక రీడు తీసి నా అరచేతిలో పెట్టారు. ఇన్నేళ్ళు పక్కన నిలబడి పాడానే గాని రీడు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. చిన్న ఇత్తడి పలక, దానికి సన్నని చీలిక. ఆ చీలిక మీద ఒక చివర మాత్రమే బిగించిన పల్చని ఇత్తడి నాలుక. తిత్తి ఊదిన గాలి ఆ చీలికలోంచి పోతుంటే నాలుక కొట్టుకుంటుంది. అదే మనం వినే స్వరం. పొడవాటి నాలుక మంద్రంగా పలుకుతుంది, పొట్టిది తారంగా పలుకుతుంది. స్వరం పెంచాలంటే నాలుక కొసన కొంచెం గీకుతారు. తగ్గించాలంటే మొదలు దగ్గర గీకుతారు. రవ్వంత ఎక్కువ గీకితే ఆ రీడు ఇక పనికిరాదు.

తర్వాత ఆయన చెప్పిన సంగతులు, నేను ఇంటికి వచ్చి చదివి తెలుసుకున్నవి కలిపి చెప్తాను. హార్మోనియం మన దేశపు వాయిద్యం కాదు. 1840ల మొదట్లో పారిస్ నగరంలో అలెగ్జాండర్ డెబైన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నారు. అది కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె. మిషనరీల వెంట అలాంటివి మన దేశానికి వచ్చాయి. మనవాళ్ళు కింద కూర్చుని పాడతారు గదా. అందుకు తగినట్టు, ఒక చేత్తో గాలి కొట్టి ఇంకో చేత్తో వాయించే చిన్న పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ తయారుచేశారు. ఆయన ద్వార్కిన్ దుకాణం మొదలైంది 1875 ప్రాంతంలో. పెట్టె మనదే అయినా లోపలి రీడ్లు చాలాకాలం పారిస్ నుంచి, జర్మనీ నుంచి ఓడల్లో వచ్చేవి. రెండో ప్రపంచయుద్ధంతో ఆ రాక ఆగిపోయింది. ఇప్పుడు మన దేశంలో పేరున్న రీడ్లు గుజరాత్‌లోని పాలిటానావి. జైనుల పుణ్యక్షేత్రంగా మీరు విని ఉంటారు, ఆ ఊరే. అవి మంచి రీడ్లు. కాని పాత జర్మన్ రీడ్ల వరసలో నాలుగు కొత్తవి పెడితే, గాయక బృందంలో నలుగురు మాత్రం వేరే గొంతుతో పాడినట్టు ఉంటుందని ఆయన అన్నారు. "మామూలువాళ్ళకు తెలియదు బాబూ. వాయించేవాడికి తెలుస్తుంది. ఇలాంటిదే ఇంకో పాత పెట్టె ఎక్కడైనా దొరికితే పట్టుకురండి" అన్నారు.

వాయించేవారు మన పెద్దయ్యగారు. ఆయనకు తెలిసిపోతుంది. అందుకే వెతకడం మొదలుపెట్టాను.

ఇంకో పాత పెట్టె ఎక్కడ ఉంటుంది? 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. మన సంగీతంలోని గమకాలు అందులో పలకవని పెద్దల అభిప్రాయం. 1971 దాకా ఆ నిషేధం ఉంది. రేడియో వద్దన్నా మన పల్లెలు వద్దనలేదు. పద్యనాటకాలకు, భజనలకు, మన కీర్తనలకు హార్మోనియమే దిక్కు. మన పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తొలి కీర్తనలు రాసేనాటికి చేతి హార్మోనియం పుట్టనేలేదు. అయినా ఆ కీర్తనలు మన చెవుల్లోకి వచ్చింది ఈ పెట్టె గుండానే. కనుక పాత పెట్టెలు ఉంటే భజన మందిరాల్లో ఉండాలి, నాటకాలవాళ్ళ ఇళ్ళల్లో ఉండాలి, పాత మందిరాల్లో ఉండాలి.

టెక్కలి వైపు రెండు భజన మందిరాలకు వెళ్ళాను. పాస్టరు వచ్చి హార్మోనియం అడుగుతున్నాడేమిటని ఎవరూ మొహం చిట్లించలేదు. పెట్టె తీసి, పలక విప్పి చూపించారు, టీ ఇచ్చారు. రెండూ కొత్త రీడ్లవే. పర్లాకిమిడి వెళ్ళాను. విజయనగరంలో సంగీత కళాశాల ఉంది గనుక అక్కడ ఎవరికైనా తెలుస్తుందని వెళ్ళాను. ఒక పాత మందిరంలో పెట్టె దొరికింది గాని ఎలుకలు దాన్ని ముందే పంచుకున్నాయి. నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. నిజం చెప్పాలంటే, నేను వెతుకుతున్నది పెద్దయ్యగారి కోసమా లేక సాధించి చూపించాలన్న పంతం కోసమా అన్నది ఆ నాలుగు నెలల్లో ఎక్కడో తారుమారైంది. అది జరిగినప్పుడు నాకు తెలియలేదు.

చివరికి వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరి కబురు తెలిసింది. నాటకాలకు హార్మోనియం వాయించే ఒకాయన మూడేళ్ళ కిందట పోయారట. అదే జబ్బు. ఇంట్లో భార్య, మనవడు ఉంటున్నారు. పెట్టె ఇంట్లోనే ఉందట.

మర్నాడే బండి మీద వెళ్ళాను. చిన్న పెంకుటిల్లు. ముందు రెండు కొబ్బరిచెట్లు, తుఫానులో తల పోయిన మోడు ఒకటి. ఆ తల్లికి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. వరండాలో కూర్చుని జీడిపిక్కలు ఆరబెడుతోంది. వచ్చిన పని చెప్పాను. లోపలికి తీసుకెళ్ళి, మూల పీట మీద ఎర్రగుడ్డ కప్పి ఉన్న పెట్టె చూపించింది. గుడ్డ తీస్తే పెట్టె మీద దుమ్ము లేదు. ఆ సంగతి అప్పుడు నా కంటికి కనబడింది గాని మనసుకు తట్టలేదు. ముందుపక్క చెక్కిన తీగ, పూలు. తిత్తి ఒకచోట చిరిగింది. రెండు మెట్లు కిందికి దిగి ఉన్నాయి. కొంచెం గాలి కొట్టి మధ్యలో ఒక మెట్టు నొక్కాను. నా గుండె ఝల్లుమంది. అదే గొంతు, మన పెట్టె గొంతే.

ప్రియులారా, ఇక్కడే నేను చెప్పవలసింది ఉంది.

వెంటనే చెయ్యి తీసేశాను. ముఖం మామూలుగా పెట్టుకుని, "పాడైపోయిందమ్మా. తిత్తి పోయింది, మెట్లు పోయాయి. దీనితో పనేముంది? చెక్కకు కూడా రాదు. ఏదో మందిరానికి కాబట్టి తీసుకుంటాను" అన్నాను.

ఆమె పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏటిస్తావు బాబూ?" అంది.

"పదిహేను వందలు" అన్నాను.

బేరం ఆడలేదు. "దేవుడి గుడికంటున్నావు. తీసుకెళ్ళు" అంది. ఆ ఎర్రగుడ్డే చుట్టి, తాడు కట్టి, బండి వెనక పెట్టడానికి మనవడి చేత సాయం చేయించింది. పిల్లాడికి పన్నెండేళ్ళు ఉంటాయి. పెట్టె మీద చెయ్యి వేసి, సందు చివరిదాకా బండి పక్కనే నడిచి వచ్చాడు.

దారి పొడుగునా స్తుతి పాటలు పాడుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చి అమ్మగారితో బేరం సంగతి గొప్పగా చెప్పాను. "పదిహేను వందలా? ఆవిడకు దాని విలువ తెలుసా?" అని ఆమె అడిగింది. "దేవుని పనికి దేవుడే తగ్గించాడు" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. వంటగదిలోకి వెళ్ళిపోయింది.

బరంపురం ముసలాయన పెట్టె విప్పి, రీడ్లు చూసి, చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. నాలుగు రీడ్లు తీసి మన పెట్టెలో అమర్చి, రెండు వారాలు కూర్చుని శ్రుతి చేశారు. "ఈ మిగతా రీడ్లు జాగ్రత్తగా పెట్టుకోండి. ఇలాంటి సెట్టుకు పదిహేను వేలకు తక్కువ ఎవరూ అడగరు. మీకెంత పడింది?" అన్నారు. "ఎవరో ఇచ్చారు" అన్నాను. చూశారా, మొదటి అబద్ధం తనకు తోడుగా రెండోదాన్ని తెచ్చుకుంది.

మన పెట్టె మందిరానికి వచ్చిన రోజు శనివారం. పెద్దయ్యగారికి ఆ రోజు డయాలసిస్ లేదు. కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. చాప మీద కూర్చుని, చెయ్యి వాపు ఉన్నా లెక్కచేయక, మెల్లగా గాలి కొట్టారు. మొదట స్వరాలు పలికించారు. మధ్య స్థాయికి వచ్చి ఆగి, ఆ నాలుగు మెట్లు మళ్ళీ మళ్ళీ నొక్కారు. "భలే కలిశాయి అయ్యగారూ. ఎక్కడ దొరికాయి? నాకూ ఇలాంటి ఒక్క విడిభాగం దొరక్కే గదా పలాస చుట్టూ తిరుగుతున్నాను" అని నవ్వారు. మేమూ నవ్వాం, కళ్ళు తుడుచుకున్నాం. తర్వాత ఒక గంటసేపు కీర్తనలు వాయించారు.

వెళ్తూ వెళ్తూ మా ఇంట్లో మంచినీళ్ళు తాగడానికి ఆగారు. మూల ఉన్న రెండో పెట్టె ఆయన కంట పడింది. గ్లాసు కింద పెట్టి, దగ్గరకు వెళ్ళి, ఆ చెక్కిన పూల మీద వేలితో రాసి చూశారు.

"ఇది వాడి పెట్టె గదా" అన్నారు.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారట. ఒకరు నాటకాల వైపు వెళ్ళారు, ఒకరు మందిరం వైపు వచ్చారు. మతాలు వేరైనా స్నేహం పోలేదు. ఒక ఏడాది క్రిస్మస్ ముందు మన హార్మోనియం తిత్తి చిరిగితే, ఆ మనిషి తన పెట్టెను భుజాన పెట్టుకుని మన ఊరు వచ్చి, పండుగ అయ్యేదాకా ఉంచుకోమని ఇచ్చి వెళ్ళాడట. కూలి వద్దన్నాడు, అద్దె వద్దన్నాడు. "ఆ ఏడాది మన సంఘం ఈ పెట్టెతోనే పండుగ చేసుకుంది అయ్యగారూ. మీరు రాకముందు మాట" అన్నారు.

తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న అడిగారు. "ఎంతిచ్చారు?"

చెప్పాను.

"పాడైపోయిందని ఆమే అనిందా?"

"లేదండీ. నేనే అన్నాను."

ఆయన ఏమీ అనలేదు. నన్ను తిట్టి ఉంటే సులువుగా ఉండేది. పెట్టె మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, కొడుకు భుజం పట్టుకుని ఆటో ఎక్కారు.

మర్నాడు ఆదివారం. ప్రసంగానికి నేను సిద్ధం చేసుకున్నది స్తుతి గురించి. రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టలేదు. సామెతలు 20:14 తీసి చదువుకోండి. కొనేవాడు సరుకును బాగులేదు బాగులేదని అంటాడు, తీరా కొని వెళ్ళాక గొప్పలు చెప్పుకుంటాడు. సొలొమోను నన్ను చూసే రాశాడా అనిపించింది. ఆ గ్రంథం మీద సెమినరీలో పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని. నలభై దాటాక, ఒక ముసలి తల్లి ఇంట్లో, అదే వచనాన్ని మాట పొల్లుపోకుండా జరిగించాను. 2 సమూయేలు 12లో నాతాను దావీదుకు చెప్పిన గొఱ్ఱెపిల్ల కథ మీకు తెలుసు. మందలు ఉన్నవాడు, ఒక్కటే ఉన్నవాడి దాన్ని తీసుకున్నాడు. అతిథి కోసం కోశాడు గనుక అది తప్పు కాకుండా పోలేదు. నేను దేవుని మందిరం కోసం చేశాను గనుక నాదీ తప్పు కాకుండా పోదు. అసలు దేవుని పేరు చెప్పే గదా ధర తగ్గించాను!

ఆ ఆదివారం వేరే సేవకుణ్ణి ప్రసంగించమని అడిగాను. ఒంట్లో బాగులేదని మీకు చెప్పించాను. అది మూడో అబద్ధం. దానికీ నన్ను క్షమించండి.

సోమవారం పొద్దున్నే బయలుదేరాను. మా ఇంట్లో ఉన్నది, అమ్మగారు చీటీలో దాచుకున్నది కలిపి పదిహేను వేలు జేబులో పెట్టుకున్నాను. మన పెట్టెలోంచి ఆ నాలుగు రీడ్లు మళ్ళీ తీయించి ఇచ్చేయడానికి కూడా సిద్ధపడే వెళ్ళాను. ఆ తల్లి వరండాలోనే ఉంది. కింద కూర్చుని అంతా చెప్పాను. పెట్టె బాగుందని నాకు అప్పుడే తెలుసని, ధర తగ్గించడానికే పాడైపోయిందన్నానని, ఆమె భర్త మా సంఘానికి చేసిన మేలు నాకు తెలియదని, తెలియకపోయినా అలా అనడం తప్పేనని చెప్పాను. డబ్బు ముందు పెట్టాను.

ఆమె చాలాసేపు జీడిపిక్కలు ఏరుతూనే ఉంది. తర్వాత అంది, "అది పలుకుతున్నాదని నాకు తెల్దేటి బాబూ? సుక్కురారం సుక్కురారం గుడ్డెట్టి తుడిసి, ఒక్క మెట్టు నొక్కి సూసుకునేదాన్ని. ఆ మనిసి గొంతు ఇన్నట్టుండేది."

నేను తలెత్తలేకపోయాను.

"డబ్బు తక్కువిచ్చినావని నాను ఏటీ అనుకోలేదు. గుడికే గదా అనుకున్నాను. కానీ పాడైపోయింది, సెక్కకు కూడా రాదు అన్నావు. ఆ మాట అనకుండా ఉండాల్సింది బాబూ. ఆయన వాయించిన పెట్టె అది."

ఆమె నన్ను అన్నది అంతే. అంతకన్నా పెద్ద ప్రసంగం నేను ఎక్కడా వినలేదు.

డబ్బు తీసుకుంది. లెక్కపెట్టి కొంగున కట్టుకుంది. తీసుకోవడం నాకు మేలే చేసింది. తీసుకోకపోతే నేను ఇంకా పెద్ద అప్పులో ఉండేవాణ్ణి. రీడ్లు తిరిగి ఇస్తానంటే వద్దంది. "పదిమంది పాడేకాడ ఉండనీ. ఆయనకీ అదే ఇష్టం." కాసేపు ఆగి, "ఆ డొల్ల పెట్టె నీ ఇంట్లో ఎందుకు? నాకిచ్చీయ్. ఆ మూల బోసిగా ఉన్నాది. ఏవో ఒక రీడ్లు ఎట్టించి తే. ఈ గుంటడు నొక్కుతానంటన్నాడు" అంది.

పెట్టె మళ్ళీ బరంపురం వెళ్ళింది. ముసలాయనకు కూడా నిజం చెప్పాను. ఆయన తల ఊపి, "రెండు పెట్టెలూ బతకాలంటే ఇదే మార్గం" అన్నారు. తీసిన నాలుగింటి చోట పాలిటానా రీడ్లు వేశారు. గొంతు కొంచెం వేరుగా ఉన్నా వీలైనంత దగ్గరకు తెచ్చారు. తిత్తి కొత్తది వేశారు. మజూరీ సగమే తీసుకున్నారు. నెల తర్వాత నేను, పెద్దయ్యగారు కలిసి ఆటోలో ఆ ఊరు వెళ్ళాం. పెట్టెను ఆ మూల పీట మీదే పెట్టాం. పెద్దయ్యగారు కూర్చుని, పాటేమీ పాడకుండా, నాటకాల రోజుల నాటి ఒక పద్యం వరస వాయించారు. ఆ తల్లి తలుపు దగ్గర నిలబడి విన్నది. కొత్త రీడ్లు వచ్చిన చోట ఆయన చెయ్యి ఒక్కసారి తడబడింది. వాయించేవాడికి తెలుస్తుందన్న మాట గుర్తొచ్చింది. తర్వాత పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని స, రి, గ ఎక్కడున్నాయో చూపించారు. ఇప్పుడు ఆ పిల్లాడు ఆదివారం సాయంత్రాలు పెద్దయ్యగారి ఇంటికి వచ్చి నేర్చుకుంటున్నాడు. వాళ్ళ దేవుడు వాళ్ళకున్నాడు. మందిరానికి రమ్మని నేను అడగలేదు. అడిగే హక్కు ఈ విషయంలో నాకు లేదనుకున్నాను.

జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19). నేను ఇచ్చింది అసలు ధరే. ఆమె శుక్రవారాలు వినే ఆ గొంతులో నాలుగు స్వరాలు ఇప్పటికీ మన మందిరంలోనే ఉన్నాయి. ఈ లెక్క చెల్లిపోయిందని నేను అనుకోవడంలేదు.

ప్రియులారా, నా కథ చెప్పి ఊరుకుంటే నేను తప్పించుకున్నట్టే. మన మధ్య జీడిపిక్కల వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారు. రైతు బస్తా దించగానే పిక్క చేతిలోకి తీసుకుని "పొల్లు ఎక్కువుంది, తడిగా ఉంది" అనే మాట ఎన్నిసార్లు నిజం, ఎన్నిసార్లు బేరం? ఉద్దానంలో డయాలసిస్ ఖర్చులకు, ఆసుపత్రికి వెళ్ళివచ్చే ఖర్చులకు కొబ్బరితోట అమ్ముకుంటున్న ఇళ్ళు మీకు తెలుసు. నగలు అమ్ముకుంటున్న తల్లులు తెలుసు. వాళ్ళ ముందు నిలబడి "తోటలో కాపు లేదు, బంగారంలో రాగి ఎక్కువ" అని మనం అంటే, అవసరం వాళ్ళ నోరు కట్టేస్తుంది. వాళ్ళు తక్కువ ధరను ఓర్చుకుంటారు. కాని ఆ తోట ఒక తండ్రి నాటింది, ఆ గొలుసు ఒక భర్త చేయించింది. మనం చవకగా కొనడం కోసం వాళ్ళ వాళ్ళ జీవితాన్నే పనికిరానిదని అనేస్తున్నాం. ధర గురించి మాట్లాడుకోండి, బేరం ఆడుకోండి, అది పాపం కాదు. నా దగ్గర ఇంతే ఉందని చెప్పండి. మంచి వస్తువును మాత్రం చెడ్డదని అనకండి.

నేను అన్నది ఒక్క మాట. యాకోబు పత్రిక మూడో అధ్యాయంలో నాలుక ఎంత చిన్నదో, ఎంత చేయగలదో రాసి ఉంది. అరచేతిలో ఆ రీడు పెట్టుకుని చూసినప్పటి నుంచి ఆ అధ్యాయం నాకు వేరుగా వినిపిస్తోంది. పగిలిన రీడు ఏదో బరంపురం ముసలాయన చెవికి క్షణంలో తెలిసింది. నాలో పగిలింది ఏదో తెలియడానికి ఒక స్నేహితుడి మౌనం, ఒక విధవరాలి మాట కావలసి వచ్చాయి.

ఈ వారం మీ ప్రార్థనలో పెద్దయ్యగారిని జ్ఞాపకం చేసుకోండి. డయాలసిస్ రోజుల్లో ఆయన బాగా అలసిపోతున్నారు. ఆ తల్లిని, ఆ పిల్లాణ్ణి జ్ఞాపకం చేసుకోండి. మీరు ఎవరినైనా ఇలాంటి మాటతో నష్టపరిచి ఉంటే, దూరమని ఆలోచించకుండా వెళ్ళి రండి. నన్ను కూడా మీ ప్రార్థనలో పెట్టండి.

ప్రభువు మన పెదవులను కాపాడును గాక. ఆమేన్.